నలభై సెకన్లలో దాటేసిన ఊరు

గేమ్ ప్రాజెక్టులకు మార్కులు వేసే ఇంజనీరింగ్ అధ్యాపకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను నెల్లూరు మూలాపేటలో ఉంటాను. పదకొండేళ్ళుగా వీడియో గేములకు మ్యాపులు, అంటే ఆడేవాడు తిరిగే ఊళ్ళూ అడవులూ, గీయడమే నా పని. మొదట్లో హైదరాబాదులో ఆఫీసుకు పోయి గీసేవాణ్ణి, కరోనా తర్వాత ఇంట్లో కూర్చునే గీస్తున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. "మాకు చెప్పడానికి ఈయనెవరు" అని మీకు అనిపిస్తుంది కదా, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

మొన్న మా జిల్లాలోనే ఒక కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టుల రివ్యూ జరిగింది. కాలేజీ పేరెందుకు లెండి, ఇది ఆ ఒక్క చోట జరిగే పని కాదు. మా అక్క కూతురు అక్కడికి ఒక రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆడేవాడు కథలో ఒక పాత్రగా తిరిగే గేమ్, చేసి తీసుకుపోయింది. నాలుగు నెలలు కూర్చుని ఒక్కతే చేసింది. అందులో ఉన్నది ఒకటే మ్యాపు. వింజమూరుకీ కలిగిరికీ మధ్య మెట్టలో ఎక్కడో ఉన్నట్టు ఊహించుకున్న ఒక చిన్న పల్లె. అడ్డం 60 గళ్ళు, నిలువు 45 గళ్ళు. 23 ఇళ్ళు, ఒక చెరువు, పొగాకు ఆకును మంట సెగకు పండించే బ్యారన్లు రెండు, ఒక రామాలయం, ఒక బస్సు స్టాపు. మనుషులు 31 మంది.

రివ్యూకి వచ్చిన పెద్దమనిషి కీబోర్డు దగ్గరికి లాక్కొని, బొమ్మను బస్సు స్టాపు దగ్గర్నుంచి నడిపించుకుంటూ ఊరి ఆ చివర చెరువు కట్ట దాకా పోయారు. దారిలో ఎవర్నీ పలకరించలేదు. ఏ గుమ్మం ముందూ ఆగలేదు. నలభై సెకన్లు పట్టింది. "అయిపోయిందా? ఇంతేనమ్మా మ్యాపు?" అన్నారు. మార్కుల కాగితంలో 'మ్యాప్ విస్తీర్ణం' అని ఒక గడి ఉంది, 20 మార్కులకు. అందులో 6 వేసి లేచారు.

పక్క టేబుల్ మీద నలుగురు పిల్లల టీమ్ చేసిన లోకం ఉంది. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. దానికి 18 వేశారు. తర్వాత నేను ఆ పిల్లల్ని అడిగి వాళ్ళ గేమ్ కూడా ఆడాను. ఇరవై నిమిషాలు నడిచాను. కొండలున్నాయి, కొండల మీద చెట్లున్నాయి, చెట్ల మీద సాయంత్రపు ఎండ పడుతోంది, చూడ్డానికి చాలా బాగుంది. దూరంగా ఒక ఇల్లు కనపడితే పరిగెత్తుకుంటూ పోయాను. తలుపు తెరుచుకోలేదు. అసలది తలుపే కాదు, గోడకు అతికించిన తలుపు బొమ్మ. ఆ పిల్లల్ని నేను ఒక్క మాట కూడా అనను. కొండల్ని గేమ్ ఇంజనే, అంటే గేములు చేసే సాఫ్ట్‌వేరే, పుట్టిస్తుంది, చెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటిని చల్లడానికి ఒక మధ్యాహ్నం చాలు. మీరేం అడుగుతారో సీనియర్ల దగ్గర కనుక్కొని అదే చేసుకొచ్చారు. పరీక్షలో వచ్చే ప్రశ్నకే కదా ఎవరైనా చదివేది.

అందుకే ఈ ఉత్తరం వాళ్ళకు కాకుండా మీకు రాస్తున్నాను.

ఆ నలభై సెకన్లలో కనపడనిది ఏముందో చెప్తాను. ఈ గేమ్‌లో మీరు రాజకుమారుడు కాదు, కత్తి పట్టిన వీరుడు కాదు. కరెంటు బిల్లు తీసే కుర్రాడు. ఉదయం ఎనిమిదిన్నరకి పల్లెవెలుగు బస్సు దిగుతారు. సాయంత్రం ఐదుంబావుకి అదే బస్సు వెనక్కి వస్తుంది. ఈలోపు 23 ఇళ్ళ మీటర్లు చూసి బిల్లులు కొట్టాలి.

ఇది విన్న రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే మా రంగంలో ఒక పాత సిగ్గుమాలిన అలవాటు ఉంది. హీరో ఎవరింట్లోకైనా నేరుగా దూరిపోతాడు, పెట్టె తెరిచి డబ్బులు తీసుకుంటాడు, కుండలు పగలగొడతాడు, ఇంటాయన పక్కనే నిలబడి "ఈ రోజు వాతావరణం బాగుంది" అంటుంటాడు. మా అమ్మాయి ఊళ్ళో అలా కుదరదు. ఊరికే గడప దాటబోతే "యాడికబ్బయా లోపలికొస్తుండావు, ముసలాయన నిద్రపోతుండాడు" అని ఆపేస్తారు. కరెంటు బిల్లు అంటేనే దారిస్తారు. ఊళ్ళో ప్రతి ఇంటి లోపలికీ, అదీ నెలకొక్కసారే, పోగలిగిన పరాయి మనిషి ఎవరని ఆలోచిస్తే మీటరు చూసేవాడే తేలతాడు. మ్యాపు ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు ఆ ఉద్యోగంలోనే జవాబు ఉంది. ఒక మనిషి ఒక పగటిపూట తిరిగి రాగలిగినంత.

కథ మూడు నెలలు నడుస్తుంది, జనవరి నుంచి మార్చి దాకా. జనవరిలో పొగాకు ఇంకా చేలల్లో ఉంటుంది. ఫిబ్రవరిలో బ్యారన్ల పొయ్యిలు మండుతుంటాయి. మార్చిలో బేళ్ళు కట్టి కలిగిరి వేలం కేంద్రానికి పంపుతుంటారు. మీరు మూడుసార్లు అదే బస్సు దిగుతారు, అవే వీధుల్లో నడుస్తారు. ఫిబ్రవరిలో దిగేసరికి రెండు బ్యారన్లలో ఒకటి కాలిపోయి మసి గోడలు మిగిలుంటాయి. పైన కర్ర మీద నుంచి ఆకు జారి కాలుతున్న గొట్టం మీద పడిందని ఊళ్ళో సగం మంది అంటారు. బ్యారన్లు అలా తగలబడటం కొత్తేమీ కాదు. మిగతా సగం మంది ఒక మనిషి పేరు చెప్తారు, అదీ గొంతు తగ్గించి.

ఇంకొకటి. రామాలయం వెనక ఒక ఇల్లుంటుంది. కొడుకు దగ్గరికి బెంగళూరు పోయారని జనవరిలోనే తాళం వేసి ఉంటుంది. మీటరు బయట అరుగు మీదే కాబట్టి రీడింగ్ తీసుకుంటారు. ఫిబ్రవరిలోనూ తాళమే. కానీ మీటరు 48 యూనిట్లు తిరిగి ఉంటుంది. గేమ్ మీకు ఏమీ చెప్పదు. బాణం గుర్తు రాదు, గంట మోగదు. బిల్లు మిషన్లోంచి చీటీ బయటికొస్తుంది, దాని మీద 48 అని ఉంటుంది. అంతే.

మార్చి నాటికి చెరువు ఎండుతుంది. జనవరిలో నీళ్ళు కట్టకు ఆనుకొని ఉంటాయి కాబట్టి బ్యారన్ దగ్గర్నుంచి ఆ తాళం వేసిన ఇంటికి పోవాలంటే కట్ట చుట్టూ తిరిగి, నీళ్ళు పొర్లిపోయే కలుజు దాటి, ఊరి మధ్యలోంచి పదిమంది కళ్ళ ముందు నడిచి పోవాలి. మార్చిలో చెరువు నడిబొడ్డున నెర్రెలిచ్చిన మట్టి మీద ఒక కాలిదారి కనపడుతుంది. ఆ దారిన పోతే నేరుగా ఆ ఇంటి పెరట్లోకి చేరతారు. మ్యాపులో ఒక్క గడి కూడా పెంచలేదు. నీళ్ళు తగ్గేసరికి ఊరి ఆకారమే మారిపోయింది. మొదటిసారి ఆ పెరట్లో తేలినప్పుడు, ఈ రెండు చోట్లూ ఇంత దగ్గరా అని నాకు ఒళ్ళు జలదరించింది.

ఇలాంటి జలదరింపే 2011లో డార్క్ సోల్స్ అనే గేమ్ ఆడినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. గంటలు గంటలు కోట గోడలెక్కి, చచ్చి, మళ్ళీ ఎక్కి, చివరికి పైన ఒక చర్చి చేరతారు. అక్కడ ఒక లిఫ్ట్ కనపడుతుంది. ఎక్కి కిందికి దిగితే ఆట మొదట్లో మీరు కూర్చున్న చలిమంట పక్కనే తేలతారు. ఇంతసేపూ దూరం పోయామనుకున్నది నెత్తి మీదికే ఎక్కామన్నమాట. ఆ లోకాన్ని జనం పెద్దదనుకుంటారు. నిజానికి అది ముడి మీద ముడి వేసిన నులక మంచం లాంటిది.

మీరడగొచ్చు, కంపెనీలన్నీ పెద్ద మ్యాపులే కదా చేస్తున్నాయి, పోస్టర్ల మీద చదరపు కిలోమీటర్లు అచ్చేసుకుంటున్నాయి కదా అని. వేసుకుంటాయి. అమ్ముకోవడానికి అంకె సులువు. కానీ పెద్దదనానికి పేరుపడ్డ కంపెనీ ఒకటి ఏం చేసిందో చూడండి. బెథెస్డా వాళ్ళు 1996లో డాగర్‌ఫాల్ అని ఒక గేమ్ తెచ్చారు. దాని లోకం బ్రిటన్ దీవి అంత ఉంటుందంటారు. ఊళ్ళూ కోటలూ నేలమాళిగలూ కలిపి 15,000 పైచిలుకు. వాటిలో చాలా మటుకు కంప్యూటర్ లెక్క కట్టి పుట్టించినవే. ఒక ఊళ్ళోంచి ఇంకో ఊళ్ళోకి పోతే పేరు మారుతుంది, ఇళ్ళు అటూ ఇటూ జరుగుతాయి, అంతే. తర్వాత ఆ వరసలోనే 2002లో మారోవిండ్ చేసేటప్పుడు వాళ్ళు ఒకే ఒక్క దీవికి దిగొచ్చారు. పాతిక చదరపు కిలోమీటర్లకు మించదు. కానీ చేత్తో పేర్చింది. నడక నెమ్మదిగా పెట్టారు, దూరం కనపడకుండా పొగమంచు వేశారు, కాబట్టి ఆ చిన్న దీవి ఆడేవాడికి దేశమంత అనిపిస్తుంది. ఎక్కడికి పోవాలో బాణం చూపించదు. అడిగితే మనుషులు దారి చెప్తారు, వంతెన దాటి ఎడమకి తిరుగు, ఫలానా రాయి దగ్గర ఆగు అని. మన పల్లెల్లో "రాగిచెట్టు దాకా పోయి ఎడంచేతి పక్క డొంక పట్టుకో" అంటారే, అచ్చంగా అలాగే. దారి చెప్పాలంటే ముందు ఆ దారిలో చెప్పుకోదగ్గ రాగిచెట్టు ఒకటుండాలి. ఎనిమిది కిలోమీటర్ల కొండల్లో ఒకటే చెట్టును నలభై వేల సార్లు చల్లాక ఏ చెట్టు పేరు చెప్తారు?

గోతిక్ అనే గేమ్ గురించి చెప్పకుండా ఉండలేను. 2001లో జర్మనీలో ఒక చిన్న టీమ్ చేసింది. మాయా గోడతో మూసేసిన ఒక లోయ, అందులో ఖైదీలు, మూడు శిబిరాలు. లోకం చిన్నది ఎందుకంటే అది జైలు. సాంకేతికంగా ఉన్న ఇబ్బందిని కథలోనే కలిపేసుకున్నారు, ఆ తెలివికి దండం పెట్టాలి. ఆ శిబిరాల్లో కమ్మరి పగలంతా సుత్తి కొడతాడు, సాయంత్రమైతే మంట దగ్గర కూర్చుంటాడు, రాత్రికి పోయి పడుకుంటాడు. చెప్పకుండా గుడిసెలోకి దూరితే వెంటబడి బయటికి పొమ్మంటారు. వీధిలో కత్తి దూస్తే లోపల పెట్టమని గదమాయిస్తారు. గోడ పక్కన నిలబడి ఒంటేలు పోసేవాళ్ళు కూడా ఉంటారు, ఏం చేస్తాం, మనుషులు కదా. నేను డిగ్రీలో ఉండగా చిన్నబజారు దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ఆడాను ఆ గేమ్. ఏ రాక్షసుణ్ణి చంపానో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆ కమ్మరి కొట్టు ఏ పక్కనుందో మాత్రం కళ్ళు మూసుకొని చెప్పగలను.

జపాన్‌లో సెగా కంపెనీ వాళ్ళ యాకుజా గేముల సంగతి వేరే రకం. 2005లో మొదలైన ఆ వరసలో ఆటల మీద ఆటలు వచ్చాయి, కానీ చాలావాటిలో తిరిగేది ఒకటే పేట. టోక్యోలోని కబుకిచో అనే నిజమైన పేటను చూసి కట్టిన కామురోచో. నడిచి దాటడానికి కొద్ది నిమిషాలు చాలు. మొదటి ఆటలో ఆ పేట నడుమ ఒక ఎత్తయిన టవర్ ఉంటుంది. 2015లో వచ్చిన ఆట కథను వెనక్కి, 1988కి తీసుకుపోయింది. అప్పుడక్కడ టవర్ లేదు, చెత్త పడేసిన చిన్న ఖాళీ జాగా ఉంది, ఆ జాగా ఎవరిదన్నదే కథ. పాత ఆటలు ఆడినవాడికి ఆ ఖాళీ జాగా చూడగానే ఏమనిపిస్తుందో చెప్పక్కర్లేదు. మన ట్రంకురోడ్డు మీద పాత సినిమా హాలు ఉన్న చోట షాపింగ్ కాంప్లెక్సు చూసినప్పుడు మన నాన్నలకు అనిపించేదే. అదే వీధిని మళ్ళీ మళ్ళీ నడిపిస్తేనే ఇది వస్తుంది.

ఒకే మ్యాపును కాలంతో లోతు చేయొచ్చని నింటెండో వాళ్ళు 2000లోనే చూపించారు, మజోరాస్ మాస్క్ అనే గేమ్‌లో. మూడు రోజులు, మళ్ళీ మొదటికి, మళ్ళీ మూడు రోజులు. ఒక చిన్న పట్నం. పోస్ట్‌మ్యాన్ ఏ గంటకు ఏ వీధిలో ఉంటాడో ఆడేవాడికి కంఠతా వచ్చేస్తుంది. డ్యూస్ ఎక్స్ అనే గేమ్ చేసిన వారెన్ స్పెక్టర్ అయితే ఒకే ఒక్క వీధి సముదాయంలో, ప్రతి ఇల్లూ ప్రతి మనిషీ నిండుగా ఉండేలా ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ చేయాలని ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చారు. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం కూడా దాదాపు ఒక పేటలోనే మొత్తం నడుస్తుంది, ఆడి ముగించడానికి పాతిక ముప్పై గంటలు పడుతుంది. వీటిలో ఒక్కటైనా మీ మార్కుల కాగితం ముందు నిలబడితే 'విస్తీర్ణం' గడిలో ఎన్నొస్తాయో మీరే వేసి చూడండి.

ఇప్పుడు నా సొంత గొడవ. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు నాలుగు చదరపు కిలోమీటర్ల అడవి అప్పగించారు. ఏడు నెలలు పనిచేశాను. అడవి లోపల ఒక పాడుబడ్డ బావి పెట్టాను. గిలకకు సగం తెగిన చేంతాడు, ఒరకు పాకుడు, పక్కన బోర్లించిన బొక్కెన, బొక్కెన కింద ఒక ఉత్తరం. దాని మీద ఎంత మనసు పెట్టానో. గేమ్ బయటికొచ్చాక ఆడినవాళ్ళు ఎక్కడెక్కడ తిరిగారో చూపించే పటం మాకు వస్తుంది, జనం తిరిగిన చోట ఎర్రగా, తిరగని చోట నల్లగా. రోడ్డు వెంబడి సన్నగా ఒక ఎర్ర గీత. మిగతా అడవంతా కాటుక. నా బావి దగ్గర ఒక్క ఎర్ర చుక్క కూడా లేదు. ఆ రోజు సాయంత్రం మా మేనేజరు "ఈసారి అడవి ఇంకా పెద్దది చేద్దాం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ కలలోకి వస్తుంది.

పెద్ద మ్యాపులన్నీ పనికిరానివని నేననడం లేదు. వందలమంది, ఐదారేళ్ళు, కోట్ల డబ్బు ఉంటే చెయ్యొచ్చు. నలుగురు పిల్లలు ఒక సెమిస్టర్లో ఎలా చేస్తారు? లెక్క వేద్దాం. ఎనిమిదీ ఎనిమిదీ 64 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు చూడదగ్గ చోట్లు పదే పెట్టినా 640. ఒక్కో చోట ఒక మనిషి, ఆ మనిషికి నాలుగు మాటలు, ఒక వస్తువు, ఆ తర్వాత టెస్టింగ్. చోటుకు ఒక రోజు చొప్పున వేసినా, నలుగురూ పంచుకొని చేస్తే 160 రోజులు. క్లాసులు లేవు, ఇంటర్నల్స్ లేవు, పండగలు లేవు, జ్వరాలు లేవు. మా అమ్మాయికి ఉన్నవి 23 ఇళ్ళు, బయట ఒక పది చోట్లు. చోటుకు మూడు రోజుల పైన దొరికింది. ఆ మూడు రోజులే గుమ్మం దగ్గర మాటలుగా, అరుగు మీద మీటరుగా కనపడతాయి.

అలాగని చిన్నగా చేస్తే చాలు, దానంతటదే బాగుంటుందనుకోకండి. మా అమ్మాయి మొదటి రూపం తెచ్చినప్పుడు నేను మెచ్చుకోలేదు. ప్రతి ఇంట్లో పద్నాలుగు వస్తువులు పెట్టింది. దేని మీద నొక్కినా ఏదో ఒకటి చెప్తుంది. ఇది కుండ. ఇది ఇంకో కుండ. ఇది కుర్చీ, పాతది. ఆరిళ్ళు తిరిగేసరికి నాకు విసుగొచ్చింది. వివరం అంటే సామాన్లు కాదమ్మా అని సగం పీకించాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే మిగతావాటిలో ఇంకొన్ని తీసేసి, ఒకటి చేర్చుకొచ్చింది. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంట్లో, పొయ్యి పక్కన, కడిగి బోర్లించిన కంచాలు రెండు. వాటి మీద నొక్కితే ఏమీ రాదు. గమనించినవాడు గమనిస్తాడు, లేనివాడికి లేదు. అది చూశాక ఇంక నేను నోరెత్తలేదు.

ఇంకో తప్పుంది, అందులో సగం నాది. ఈ ఊరు అసలు రంగు రాత్రిపూట బయటపడుతుంది. సాయంత్రం బస్సు తప్పిపోతేనే మీరు రాత్రి అక్కడ ఉంటారు. బుద్ధిగా ఐదుంబావుకి బస్సెక్కేవాడికి ఆ సగం గేమ్ కనపడనే కనపడదు. కనీసం ఒకసారి బస్సు చెడిపోయేటట్టు పెట్టమని చెప్పి ఉండాల్సింది నేను. "వద్దులే, వెతుక్కుంటారు" అన్నాను. ఇంటి దగ్గర తీరిగ్గా ఆడేవాడు వెతుక్కుంటాడు, రివ్యూలో పది నిమిషాలు దొరికినవాడు ఎక్కడ వెతుక్కుంటాడు? ఆ మేరకు మీ తప్పు కాదు.

ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. తొమ్మిదికల్లా ఊళ్ళో దీపాలు ఆరిపోతాయి, కాలిపోగా మిగిలిన ఆ ఒక్క బ్యారన్ దగ్గర తప్ప. బ్యారన్ చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎత్తు గోడల గది. లోపల కర్రలకు కట్టిన పచ్చి ఆకు వరసల మీద వరసలుగా వేలాడుతుంది. నేల మీద ఇనుప గొట్టాలు, బయట పొయ్యి. పొయ్యిలో మంట పెడితే గొట్టాలు వేడెక్కి ఆ సెగకు ఆకు పండుతుంది. మొదట 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిదానంగా పసుపు తిరగాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి 160 దాకా తీసుకుపోతేనే ఈనె ఎండుతుంది. తొందరపడితే రంగు చెడుతుంది, రంగు చెడితే రేటు పడుతుంది. దాదాపు వారం రోజులు ఎవరో ఒకరు రాత్రీ పగలూ మంట కనిపెట్టుకొని ఉండాల్సిందే.

గేమ్‌లో ఆ మంట కాసే పెద్దాయన మంచం మీద కూర్చుని ఉంటాడు. ఉండుండి లేచి, టార్చి వేసుకొని, గోడలో ఉన్న చిన్న అద్దం కిటికీలోంచి లోపల వేలాడే థర్మామీటరు చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. మూడోసారి లేవబోయి, "కాస్త నువ్వు చూడబ్బయా, మోకాళ్ళు లేవడంలా" అంటాడు. మీరు కిటికీ దగ్గరికి పోయి బటన్ నొక్కితే తెరంతా నల్లబడి నడుమ గుండ్రంగా టార్చి వెలుగు పడుతుంది. ఆ వెలుగులో పాదరసం గీత, దాని వెనక పసుపు తిరుగుతున్న ఆకులు, పొయ్యిలో కట్టె పేలిన చప్పుడు. అంకె చదివి ఆయనకు చెప్పాలి. తప్పు చెప్పారంటే అప్పుడేమీ కాదు. మార్చిలో మీటరు చూడ్డానికి ఆయన ఇంటికి పోయినప్పుడు, వేలంలో తన బేళ్ళకు ఎంత పలికిందో ఆయన చెప్తాడు, మీరు నిలబడి వినాలి.

ఆ బ్యారన్ దగ్గర నిలబడి పడమటికి చూస్తే, దూరంగా, రాత్రి నీలంలో ఇంకొంచెం ముదురు నీలంగా ఉదయగిరి కొండ గీత ఉంటుంది. అక్కడికి పోలేరు. అది వెనక అతికించిన బొమ్మ, అంతే. కానీ ఊరు ఎక్కడుందో, లోకం ఎంత ఉందో ఆ ఒక్క గీత చెప్పేస్తుంది. పెన్న బ్రిడ్జి మీద బస్సులో వస్తుంటే రంగనాయకుల గుడి గాలిగోపురం కనపడగానే నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి సంచులు సర్దుకుంటారే, అలాంటి గుర్తు. దాని కోసం పది కిలోమీటర్ల నేల కట్టక్కర్లేదు.

ఇక మిమ్మల్ని అడిగేది. మార్కుల కాగితంలోంచి 'మ్యాప్ విస్తీర్ణం' గడి కొట్టేయండి. 'లెవెల్స్ సంఖ్య' కూడా. ఆ 20 మార్కుల్ని ఇంకో ప్రశ్నకు ఇవ్వండి: ఒకసారి చూసిన చోటికి రెండోసారి పోతే అక్కడ కొత్తగా ఏం తెలుస్తుంది? ఆడి తేల్చుకునే టైమ్ లేకపోతే పిల్లల్నే నోటితో అడగండి. రాత్రి తొమ్మిదికి ఈ ఊళ్ళో ఎవరు మేలుకొని ఉంటారు, ఎందుకు? నిజంగా కట్టినవాళ్ళు తడుముకోకుండా చెప్తారు. చల్లినవాళ్ళకు మొహం ఎర్రబడుతుంది, వచ్చేసారి చల్లరు.

అరవై ప్రాజెక్టులు, ఒక్కోదానికి పది నిమిషాలు, నడుమ టీ కూడా చల్లారిపోతుంది, మీ ఇబ్బంది నాకు తెలుసు. వారం ముందే గేములు తెప్పించుకొని జూనియర్ల చేత ఆడించండి. గంట ఆడి అరపేజీ రాయమనండి. వాళ్ళకు అంతకన్నా ఇష్టమైన హోంవర్క్ ఇంకోటి ఉండదు. ఆ అరపేజీ చదువుకొని రివ్యూకి వస్తే పది నిమిషాలు సరిపోతాయి.

ఇంకొక్క మాట, పక్కదారే అయినా. ఈ మధ్య పిల్లలు మన నెల్లూరు ప్రాంతం మీద గేమ్ అనగానే బీచీ, రాకెట్టూ, చేపల పులుసూ, రొట్టెల పండగా అన్నీ ఒకే మ్యాపులో కుక్కేస్తున్నారు. మైపాడు బీచి నుంచి శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి నాలుగు అంగలు. మీరే అలా ప్రోత్సహిస్తున్నారని విన్నాను, 'లోకల్ ఫ్లేవర్' అని దానికీ ఒక గడి ఉందట. అది టూరిజం బోర్డు పక్కన నిలబడి తీసుకున్న సెల్ఫీ లాంటిది. ఒక్క రొట్టెల పండగే తీసుకొని, స్వర్ణాల చెరువు గట్టు వంద గజాలు మాత్రం కట్టమనండి. పోయినేడు ఉద్యోగం రావాలని మొక్కుకొని రొట్టె పట్టినవాడు ఈ ఏడు ఉద్యోగం వచ్చి అదే నీళ్ళలో నిలబడి ఇంకొకరికి రొట్టె ఇస్తాడు. ఆ వంద గజాలకు కథలు బయట నుంచి తేవాల్సిన పనే లేదు.

మా అమ్మాయి మార్కులు మార్చమని నేను అడగడం లేదు. తనూ అడగడం లేదు, ఉద్యోగం వేటలో పడింది. గేమ్ ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రం ఆ కాలేజీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఇచ్చి వచ్చాం, రివ్యూ చేసిన సారుకు చేర్చమని. సార్, మీరు ఇది చదువుతుంటే, ఈసారి ఫిబ్రవరిలో ఐదుంబావు బస్సు ఎక్కకండి. రామాలయం అరుగు మీద కూర్చుని దాన్ని పోనివ్వండి. చీకటి పడ్డాక బ్యారన్ వైపు పోండి, పెద్దాయన పిలుస్తాడు. అంకె మాత్రం జాగ్రత్తగా చదవండి, టార్చి వెలుగులో 3 కూడా 8 లాగే కనపడుతుంది.

ఇట్లు,
మూలాపేట నుంచి ఒక మ్యాపులు గీసేవాడు